మూలవాసుల బాగోగుల సర్వే: అనుమతి అడగడం నుంచి అంకెలు అప్పజెప్పేదాకా

"బాగున్నారా?" అని అడగడం మనకు రోజూ అలవాటే. ఎదుటివాళ్లు "ఆఁ, బాగున్నాం" అంటారు. ఆ మాటలో నిజమెంతో గొంతును బట్టి, ముఖాన్ని బట్టి మనకు తెలిసిపోతుంది. సర్వేలో అదే పలకరింపును ప్రశ్నగా మారుస్తాం, జవాబును అంకె చేస్తాం, వందల ఇళ్ల అంకెలు కలిపి పట్టిక వేస్తాం. ఈ క్రమంలో గొంతు, ముఖం రెండూ జారిపోతాయి. మూలవాసుల విషయంలో, అంటే ఒక నేల మీద మొదటినుంచీ ఉంటున్న ఆదివాసీ జాతుల విషయంలో, జరిగిన నష్టంలో ఎక్కువ భాగం ఇక్కడే జరిగింది.

ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 90 దేశాల్లో దాదాపు 47.6 కోట్ల మంది మూలవాసులున్నారు. ప్రపంచ జనాభాలో 6 శాతం పైమాటే. అయినా దేశవ్యాప్త సర్వేల్లో వాళ్లు సరిగా కనిపించరు. ఒక దేశంలో వాళ్ల వాటా 2 శాతమే అనుకుందాం. 10,000 ఇళ్ల సర్వేలో వాళ్ల ఇళ్లు 200 వస్తాయి. ఆ 200ను ప్రాంతాల వారీగా, వయసుల వారీగా, ఆడామగా వారీగా విడగొడితే ఏ గడిలోనూ నమ్మదగ్గ అంకె మిగలదు. అందుకే విడిగా సర్వే చేయాల్సి వస్తుంది. విడిగా చేసేటప్పుడు దాని పద్ధతి కూడా వేరుగా ఉండాలి. యూనివర్సిటీ విద్యార్థులకు, స్వచ్ఛంద సంస్థల వాళ్లకు, ఆరోగ్య శాఖల్లో పనిచేసేవాళ్లకు, అన్నిటికన్నా ముందు తమ గురించి తామే లెక్కలు తీసుకోవాలనుకునే మూలవాసీ సంఘాలకు పనికొస్తుందని ఆ పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

1. ఈ అంకెలు ఎవరికి కావాలి?

ప్రశ్నావళి గురించి ఆలోచించడానికి ముందే ఒక తెల్లకాగితం తీసుకోండి. ఈ సర్వేలో వచ్చే ఏ అంకెను, ఎవరు, ఏ నిర్ణయానికి వాడతారో రాయండి. "అవగాహన కోసం", "పరిశోధన కోసం" లాంటివి జవాబులు కావు. "భాష నేర్పే కేంద్రం ఏ ఊళ్లో పెట్టాలో సంఘం తేల్చుకోవడానికి", "మానసిక ఆరోగ్య సేవలకు ఎంతమంది సిబ్బంది కావాలో అడగడానికి", ఇలాంటివి జవాబులు. కాగితం నిండకపోతే సర్వే ఆపేయండి.

తర్వాత, ఇదివరకు ఎవరైనా ఇదే అడిగారా అని వెతకండి. జనగణన, ఆరోగ్య సర్వేలు, బడి రికార్డులు, సంఘం దగ్గరున్న పాత రిజిస్టర్లు చూడండి. అడిగిందే అడిగించుకుని విసిగిపోయిన ఊళ్లు చాలా ఉన్నాయి. నేను కొత్తగా ఈ పనిలోకి వచ్చినప్పుడు ఒక ఆవాసంలో ఒక పెద్దాయన మా ట్యాబ్ వైపు చూసి, "పోయినసారి రాసుకుపోయింది ఏమైంది?" అని అడిగారు. పోయినసారి వచ్చింది మేం కాదు. కానీ ఆయనకు ఆ తేడాతో పని లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. మేం ఆ పాత రిపోర్టు వెతికి తీసుకెళ్లి, అందులో వాళ్ల ఊరి గురించి ఉన్న రెండు పేజీలు చదివి వినిపించాకే మాతో మాట్లాడారు. ఇప్పుడు ఏ సర్వేకైనా మొదటి పని నాకు అదే: పాతవాళ్లు తీసుకెళ్లినదాన్ని వెతికి తిరిగి ఇవ్వడం.

2. అనుమతి

ఈ మెట్టు మీద ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మిగతావన్నీ దీనిమీదే నిలబడతాయి.

2007 సెప్టెంబరు 13న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం మూలవాసుల హక్కుల ప్రకటనను 144 దేశాల మద్దతుతో ఆమోదించింది. అప్పుడు వ్యతిరేకించిన నాలుగు దేశాలు, అంటే ఆస్ట్రేలియా, కెనడా, న్యూజిలాండ్, అమెరికా, తర్వాత తమ వైఖరి మార్చుకున్నాయి. ఆ ప్రకటనలో పదేపదే వచ్చే సూత్రం ఒకటుంది: స్వేచ్ఛగా, ముందుగా, అంతా తెలుసుకుని ఇచ్చే సమ్మతి. ఇందులో ప్రతి మాటకూ బరువుంది. స్వేచ్ఛగా అంటే "ఒప్పుకోకపోతే పథకాలు రావు" అన్న భయం ఎక్కడా ఉండకూడదు. ముందుగా అంటే డబ్బు మంజూరై, ప్రశ్నావళి అచ్చయ్యాక కాదు, పథకం కాగితం మీదకు రాకముందే. తెలుసుకుని అంటే వాళ్ల భాషలో, వాళ్లకు అలవాటైన తీరులో, వాళ్లు అడగదలచుకున్న ప్రశ్నలన్నీ అడిగి జవాబులు విన్నాక.

సమ్మతి రెండు అంచెల్లో ఉంటుంది. సముదాయం మొత్తం తరఫున ఒకటి, ఇంటర్వ్యూకు కూర్చునే మనిషిది ఒకటి. పెద్దలు సరేనన్నారు కదా అని ఇంట్లోవాళ్లను మొహమాటపెట్టకూడదు. ఇంట్లోవాళ్లు సరేనన్నారు కదా అని పెద్దలను దాటిపోకూడదు. పెద్దలు అన్నప్పుడు కూడా ఒక్కరి మాటతో సరిపెట్టుకోవద్దు. ఎన్నికైన సంఘం ఒకటి, సంప్రదాయంగా మాట చెల్లే పెద్దలు మరొకరు, ఆడవాళ్ల బృందం ఇంకొకటి ఉండొచ్చు. ఎవరి మాట దేనికి చెల్లుతుందో ముందు తెలుసుకోండి.

అనుమతి తీసుకున్న పని దాటిపోతే ఏమవుతుందో హవాసుపాయి ప్రజల అనుభవం చెబుతుంది. వాళ్లు అమెరికాలో గ్రాండ్ కాన్యన్ అడుగున ఉండే చిన్న జాతి. వాళ్లలో మధుమేహం ఎక్కువగా ఉంది, దాని కారణాలు చూస్తామని 1990 దశకం మొదట్లో ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు రక్త నమూనాలు తీసుకున్నారు. ఆ నమూనాలను తర్వాత స్కిజోఫ్రీనియా, దగ్గరి సంబంధాల పెళ్లిళ్లు, ఆ జాతి ఎక్కడినుంచి వలస వచ్చిందన్న విషయాల మీద కూడా వాడారు. 2003లో ఆ జాతి మహిళ ఒకరు అదే యూనివర్సిటీలో ఒక డాక్టరేట్ ప్రసంగానికి వెళ్లినప్పుడు ఈ సంగతి బయటపడింది. కోర్టు దాకా వెళ్లిన గొడవ 2010లో 7 లక్షల డాలర్ల పరిహారంతో, మిగిలిన రక్త నమూనాలు తిరిగి ఇవ్వడంతో ముగిసింది. వలస గురించిన కథ వాళ్లకు వట్టి సమాచారం కాదు. తాము ఆ లోయలోనే పుట్టామన్నది వాళ్ల నమ్మకం. మన సర్వేలో రక్తం తీయం, నిజమే. కానీ ఒక పనికని అడిగి తీసుకున్న జవాబును ఇంకో పనికి వాడితే జరిగేదీ ఇదే.

అందుకని ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. డేటా ఎవరి సొత్తు, ఎక్కడ ఉంటుంది, ఎవరు చూడొచ్చు, అచ్చు వేసేముందు సంఘం ఎన్ని రోజుల్లో చదివి అభ్యంతరాలు చెప్పొచ్చు, కొత్త పనికి వాడాలంటే మళ్లీ ఎవర్ని అడగాలి, మధ్యలో ఆపమంటే ఎలా ఆపుతారు, పనిచేసే స్థానికులకు ఎంత చెల్లిస్తారు: ఇవన్నీ అందులోకి రావాలి. దీనికి మంచి ఆధారాలున్నాయి. కెనడాలో ఫస్ట్ నేషన్స్ అని పిలిచే మూలవాసులు 1998లో ఒక ఆరోగ్య సర్వే సందర్భంగానే నాలుగు సూత్రాలు పెట్టుకున్నారు: యాజమాన్యం, నియంత్రణ, అందుబాటు, స్వాధీనం. వీటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు కలిపి 'ఓకాప్' అంటారు. 2019లో ప్రపంచ మూలవాసుల డేటా కూటమి 'కేర్' సూత్రాలు ప్రకటించింది: అందరికీ కలిగే మేలు, నియంత్రించే అధికారం, బాధ్యత, నీతి. దక్షిణాఫ్రికాలోని శాన్ ప్రజలు 2017లో తమ సొంత పరిశోధనా నియమావళి తెచ్చుకున్నారు. అందులో భాష తేటగా ఉండాలి, పండితుల భాషలో కాదు అని స్పష్టంగా రాసుకున్నారు. ఒప్పందం రాసేటప్పుడు ఆ ఒక్క వాక్యాన్ని ఎదురుగా పెట్టుకుంటే చాలా పేజీలు తగ్గుతాయి.

ఈ మెట్టుకు నెలలు పడుతుంది. ఆరు నెలలు పట్టినా ఆశ్చర్యపోకండి. ప్రాజెక్టు టైమ్‌టేబుల్లో దీనికి చోటు, బడ్జెట్లో దీనికి డబ్బు మొదటే పెట్టుకోండి. సంఘం వద్దంటే వద్దనే. ఒప్పించడానికి మూడోసారి, నాలుగోసారి వెళ్లడం కూడా ఒత్తిడే.

3. బాగుండటం అంటే ఏమిటో వాళ్లనే అడగండి

ఆదాయం, చదువు, ఇల్లు, జబ్బులు: సాధారణ సర్వేలు వీటినే కొలుస్తాయి. ఇవి అనవసరం కావు. అయితే ఇవే మొత్తం అనుకుంటే మూలవాసుల జీవితం ఎప్పుడూ ఒక లోటు పట్టికగానే కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో టాస్మేనియా దీవి మూలవాసులైన పలావా జాతికి చెందిన సామాజికవేత్త మ్యాగీ వాల్టర్ ఈ ధోరణిని ఐదు మాటల్లో పట్టుకున్నారు: తేడా, అసమానత, వెనుకబాటు, అస్తవ్యస్తత, లేమి. ప్రభుత్వాల దగ్గరున్న మూలవాసుల డేటా చాలావరకు ఈ ఐదింటి చుట్టూనే తిరుగుతుందని ఆమె వాదన. ఏళ్ల తరబడి ఇలాంటి పట్టికలే చూస్తే అధికారులకు మనుషులు సమస్యలుగా కనిపిస్తారు. ఆ పట్టికలు చూస్తూ పెరిగే పిల్లలకు తాము కూడా అలాగే కనిపిస్తారు. నాకు బాధ కలిగించేది ఈ రెండో సంగతే.

వేరే దారి ఉందని నిరూపించినవాళ్లున్నారు. 1980 దశకంలో, న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీలకు చెందిన మనోవైద్యుడు మేసన్ డ్యూరీ ఆరోగ్యాన్ని నాలుగు గోడల ఇల్లుగా వర్ణించారు: ఒళ్లు, మనసు, కుటుంబం, ఆత్మ. ఏ గోడ బీటలిచ్చినా ఇల్లు ఒరుగుతుంది. 2013లో న్యూజిలాండ్ గణాంక శాఖ జనగణన వెంటనే 'తె కుపెంగా' అనే మావోరీ బాగోగుల సర్వే మొదలుపెట్టింది. ఆ మాటకు వల అని అర్థం. భాష, ఆచారాలు, బంధుత్వాలు, ఆధ్యాత్మికత అనే నాలుగు అంశాలు దానికి ప్రత్యేకం. మళ్లీ 2018లోనూ చేశారు. ఆర్కిటిక్ ప్రాంతంలో సామాజిక సూచికలు తయారుచేసినవాళ్లు మామూలు అభివృద్ధి కొలమానాలకు మూడు చేర్చారు: తమ బతుకు తమ చేతిలో ఉండటం, సంస్కృతి నిలవడం, ప్రకృతితో దగ్గరితనం. అక్కడి జీవన పరిస్థితుల సర్వే జీతం ఉద్యోగాన్ని ఎంత శ్రద్ధగా అడిగిందో వేటను, చేపలు పట్టడాన్ని, దొరికినదాన్ని పంచుకోవడాన్ని అంతే శ్రద్ధగా అడిగింది.

వీటిని ఎత్తి తెచ్చి మీ ప్రశ్నావళిలో అతికించకండి. మావోరీలకు సరిపోయింది ఇంకొకరికి సరిపోవాలని లేదు. వాళ్లు చేసిన పనిని మీరూ చేయండి. ఆడవాళ్లు విడిగా, మగవాళ్లు విడిగా, పెద్దలు, యువత విడివిడిగా కూర్చునే సమావేశాలు పెట్టండి. "మీకు తెలిసినవాళ్లలో బాగా బతుకుతున్నారని ఎవర్ని అంటారు? ఎందుకని?" అని అడిగి వదిలేయండి. పేర్లు రాయొద్దు, కారణాలు రాయండి, అదీ వాళ్ల మాటల్లోనే. ఆ మాటలు చీటీల మీద రాసి, దగ్గరివాటిని ఒకచోటికి చేర్చే పని కూడా వాళ్లకే వదలండి. ఏ గుంపుకు ఏ పేరు పెట్టాలో వాళ్లే చెబుతారు.

ఇక్కడ ఒక సంఘటన చెప్పాలి. నిచ్చెన ప్రశ్న చాలామందికి తెలిసే ఉంటుంది. దీన్ని 1965లో అమెరికన్ పరిశోధకుడు హ్యాడ్లీ క్యాంట్రిల్ ప్రాచుర్యంలోకి తెచ్చారు. 0 నుంచి 10 మెట్ల నిచ్చెన బొమ్మ చూపించి, పైమెట్టు మీకు అన్నిటికన్నా మంచి జీవితం, కింద అన్నిటికన్నా చెడ్డ జీవితం అనుకుంటే మీరిప్పుడు ఏ మెట్టు మీదున్నారు అని అడుగుతారు. నేను సూపర్‌వైజర్‌గా ఉన్న ఒక సర్వేలో, ప్రశ్నావళిని ముందస్తుగా పరీక్షించేటప్పుడు, ఒక ముసలావిడ ఆ బొమ్మను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. వేలితో కింది మెట్టు నుంచి పైదాకా తడిమి, "దీని మీద నేనొక్కదాన్నే ఎక్కాలా? మా వాళ్లంతా ఎక్కడున్నారు?" అంది. ఇంటర్వ్యూ చేసే అమ్మాయికి ఏం చేయాలో తోచక 'చెప్పలేదు' అనే గడిలో టిక్ పెట్టింది. సాయంత్రం ఫారాలు సరిచూస్తుంటే ఆ వరుసలో చాలా 'చెప్పలేదు'లు కనబడ్డాయి. ఆవిడ జవాబు చెప్పింది. దాన్ని రాసుకోవడానికి మా ఫారంలో చోటు లేదు. మర్నాడు "మీ కుటుంబమంతా కలిపి ఏ మెట్టు మీద ఉంది?" అన్న ప్రశ్నను ముందుకు తెచ్చి, సొంత జీవితం గురించి తర్వాత అడిగాం. ఖాళీలు దాదాపు పోయాయి. 'తె కుపెంగా'లో కూడా కుటుంబం ఎలా ఉందో 0 నుంచి 10 దాకా చెప్పమనే ప్రశ్న ఉంది.

ప్రశ్నావళిలో రెండు బుట్టలు ఉంచుకోవడం మేలు. ఒక బుట్టలో సముదాయం చెప్పిన కొలమానాలు, రెండో బుట్టలో దేశ సర్వేలో ఉన్న ప్రశ్నలు కొన్ని, మాట మార్చకుండా. బడ్జెట్ల కోసం కొట్లాడేటప్పుడు రెండో బుట్ట అక్కరకొస్తుంది. చోటు సరిపోక కోత పెట్టాల్సి వస్తే కోత రెండో బుట్టకే పెట్టండి.

4. ఎవర్ని లెక్కలోకి తీసుకోవాలి

1989 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) 169వ ఒడంబడిక ప్రకారం, తాము మూలవాసులమని తమను తాము గుర్తించుకోవడం ఒక మౌలిక ప్రమాణం. సర్వేలో దీని అర్థం తేలిక: అడగండి, చెప్పింది రాయండి, రుజువు అడగొద్దు. "మీరు ఏ జాతివాళ్లమని అనుకుంటారు?" అన్నది ఒక ప్రశ్నగా, "మీ పూర్వీకులు ఎవరు?" అన్నది వేరే ప్రశ్నగా పెట్టండి. రెండింటికీ ఒకే జవాబు రావాలని లేదు. ఒకటికన్నా ఎక్కువ జవాబులకు చోటివ్వండి. మనిషి రంగు చూసి, ఇంటిపేరు చూసి ఇంటర్వ్యూయర్ తనే గడి నింపడం మొదటిరోజే ఆపించాల్సిన తప్పు.

5. శాంపిల్

ముందు జాబితా కావాలి. జనగణనలో జాతి అడిగే దేశమైతే, చట్టం ఒప్పుకుంటే, దాన్నుంచే శాంపిల్ తీయడం అన్నిటికన్నా మంచిది. 'తె కుపెంగా' చేసింది అదే. లేకపోతే సంఘం సభ్యుల జాబితా ఉంటుంది. అందులో పట్నం వెళ్లినవాళ్లు, సంఘంతో గొడవపడి దూరమైనవాళ్లు ఉండకపోవచ్చు. అదీ లేకపోతే ఆవాసాల పటం వేసుకుని, ఇల్లిల్లూ లెక్కపెట్టి జాబితా తయారుచేసుకోవాలి.

ఎంతమంది కావాలి? 95 శాతం నమ్మకంతో, అటూ ఇటూ 5 శాతం తేడాతో ఒక నిష్పత్తి తెలుసుకోవాలంటే పెద్ద జనాభాలో 385 మంది చాలని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. మూలవాసీ సముదాయాలు చాలావరకు చిన్నవి. చిన్న జనాభాకు ఆ లెక్క తగ్గుతుంది: 2,000 మంది పెద్దవాళ్లున్నచోట సుమారు 323, 600 మందే ఉంటే 235. అయితే 600లో 235 మందిని ఎంచుకుని మిగతా ఇళ్లను దాటుకుంటూ పోతే, "మమ్మల్నెందుకు అడగలేదు?" అన్న ప్రశ్న మర్నాడే వస్తుంది. నా సలహా, అంత చిన్నచోట అందర్నీ అడగండి. శాంపిల్ లెక్కల గొడవ తప్పుతుంది, ఊళ్లో నమ్మకమూ నిలుస్తుంది.

ఆవాసాలు చాలా ఉంటే ముందు ఆవాసాలను, తర్వాత వాటిలో ఇళ్లను లాటరీ పద్ధతిలో ఎంచుకుంటాం. ఇక్కడొక చిక్కుంది. ఒకే ఆవాసంలోని మనుషులు ఒకరికొకరు చాలా విషయాల్లో పోలి ఉంటారు. ఆ పోలికను 0 నుంచి 1 దాకా ఉండే అంకెగా చెబుతారు. అది 0.05 అనుకోండి. ఆవాసానికి 20 మంది చొప్పున తీసుకుంటే శాంపిల్‌ను 1.95 రెట్లు చేయాలి (20లో ఒకటి తీసేసి, 0.05తో హెచ్చించి, 1 కలిపితే వచ్చే లెక్క). అంటే 385 కాస్తా 750 అవుతుంది. అదే ఆవాసానికి 8 మందిని తీసుకుంటే 1.35 రెట్లు, అంటే 520 చాలు. ఎక్కువ ఆవాసాలు, ఒక్కోదాంట్లో తక్కువ ఇళ్లు అన్న సూత్రం ఇందుకే. ప్రయాణ ఖర్చు పెరుగుతుంది కాబట్టి రెండింటి మధ్య మీ జేబుకు తగ్గ చోటు చూసుకోవాలి. 100 మందిలో 80 మందే మాట్లాడతారనుకుంటే ఆ 520ని 650 చేసుకుని బయల్దేరండి.

పట్నాల్లో చెదిరి ఉన్నవాళ్ల కోసం ఇంకో దారి ఉంది. 1997లో సామాజికవేత్త డగ్లస్ హెకథార్న్ ప్రతిపాదించిన పద్ధతి ఇది. మొదట కొద్దిమందిని ఇంటర్వ్యూ చేసి, తెలిసిన తమవాళ్లకు ఇవ్వమని ఒక్కొక్కరికి రెండు మూడు కూపన్లు ఇస్తారు. వాళ్లు తెచ్చినవాళ్లకు మళ్లీ కూపన్లు. ఒక్కొక్కరికి తమవాళ్లు ఎంతమంది తెలుసో తప్పకుండా అడగాలి. ఎక్కువమందిని ఎరిగినవాళ్లు శాంపిల్లోకి సులువుగా వస్తారు కాబట్టి, వాళ్ల జవాబుల బరువును లెక్కల్లో తగ్గించాలి. కెనడాలోని హామిల్టన్ నగరంలో ఫస్ట్ నేషన్స్ ప్రజల ఆరోగ్య సర్వే ఈ దారిలోనే నడిచింది.

ఇంటికొక మనిషిని ఎంచుకునేటప్పుడు "ఎవరి పుట్టినరోజు ముందొస్తుంది?" అనే సులువు చాలాచోట్ల పనిచేయదు, తేదీలు రాసుకోని ఇళ్లు ఉంటాయి. పెద్దవాళ్ల పేర్లు వయసు వరుసలో రాసుకుని ట్యాబ్ చేతే ఒకరిని ఎంపిక చేయించండి. ఇల్లు అంటే ఏమిటో కూడా ముందే తేల్చుకోండి. ఒక పొయ్యి మీద తినేవాళ్లా, ఒక కప్పు కింద పడుకునేవాళ్లా? రెండిళ్ల మధ్య తిరిగే పిల్లలను ఎక్కడ లెక్కపెట్టాలి? సంఘంతో కూర్చుని రాసుకున్న ఒక్క వాక్యం ఫీల్డులో వంద తగాదాలు తప్పిస్తుంది.

6. ప్రశ్న నోటికి రావాలి

ప్రశ్నను వాళ్ల భాషలోకి మార్చి, ఇంకొకరి చేత మళ్లీ వెనక్కి మార్పించి సరిచూడటం మామూలు పద్ధతి. నా అనుభవంలో అది చాలదు. మాటకు మాట సరిగ్గా దిగిన ప్రశ్న కూడా వినేవాళ్లకు వేరే అర్థం ఇవ్వొచ్చు. పది పదిహేను మందిని కూర్చోబెట్టుకుని ప్రశ్న చదివి, "ఇప్పుడు నేనేం అడిగానో మీ మాటల్లో చెప్పండి" అనండి. "దిగులుగా ఉందా?" అన్న ప్రశ్నకు ఒక భాషలో సరైన మాటే ఉండదు, గుండె బరువెక్కడం, నిద్రపట్టకపోవడం, మనుషుల్లోకి పోబుద్ధి కాకపోవడం అని విడివిడిగానే అంటారు. అప్పుడు ఆ మూడింటినే అడగాలి.

"గత 12 నెలల్లో" అనే బదులు అందరికీ గుర్తున్న ఒక కాలాన్ని, ఒక సంఘటనను పట్టుకోండి. 0 నుంచి 10 అంకెలు ఇబ్బందిగా ఉంటే గులకరాళ్లు, ముఖాల బొమ్మలు వాడండి, కానీ ముందు పరీక్షించి చూడండి. రాత అలవాటు లేని భాష అయితే ప్రశ్నలను ఆ ఊరి గొంతుతోనే రికార్డు చేసి ట్యాబ్‌లో పెట్టండి. ఇంటర్వ్యూయర్ ఎవరైనా అందరూ ఒకే ప్రశ్న వింటారు.

"ఎందుకు బడికి పంపలేదు?", "ఎందుకు ఆసుపత్రికి పోలేదు?" లాంటి ప్రశ్నలు నిలదీస్తున్నట్టుంటాయి. "ఏవి అడ్డొచ్చాయి?" అని అడగండి. బలాలను కూడా అదే శ్రద్ధతో అడగండి: కష్టమొస్తే ఎవరిల్లు తడతారు, పిల్లలకు భాష ఎవరు నేర్పుతున్నారు, భూమి దగ్గరకు ఎన్నాళ్లకోసారి వెళ్లగలుగుతున్నారు. మొత్తం ముప్పావుగంట దాటనివ్వకండి.

7. అడిగేవాళ్లు

ఇంటర్వ్యూయర్లు ఆ సముదాయం వాళ్లే కావాలి. భాష ఒక్కటే కారణం కాదు, ఎప్పుడు మాట ఆపాలో వాళ్లకు తెలుసు. అయితే సొంత బంధువులను, సొంత ఊరివాళ్లను అడగాల్సి వచ్చినప్పుడు గుట్టు గురించి భయం పుడుతుంది. కొన్ని వరసలవాళ్లు ఎదురెదురుగా మాట్లాడుకోవడమే తప్పు. అందుకని పక్క ఆవాసం మనిషిని పంపడం, ఆడవాళ్ల దగ్గరికి ఆడవాళ్లనే పంపడం, ఇంటర్వ్యూకు కూర్చునే మనిషికి ఎంచుకునే అవకాశం ఇవ్వడం మంచిది.

ట్రైనింగ్‌కు కనీసం వారం పెట్టుకోండి. అందులో సగం రోజులు ఒకరినొకరు ఇంటర్వ్యూ చేసుకోవడానికే. వాళ్లే మొదట తప్పులు పడతారు, ప్రశ్నావళి అప్పటికింకా అచ్చు కాకుండా చూసుకోండి. బయటినుంచి వచ్చిన నిపుణులకు ఇచ్చే లెక్కలోనే వాళ్లకూ జీతం కట్టండి. రిపోర్టులో వాళ్లు కోరుకుంటే పేర్లు వేయండి.

పిల్లలను బలవంతంగా కుటుంబాల నుంచి వేరుచేసిన చరిత్ర ఆస్ట్రేలియాలో, కెనడాలో ఉంది. అలాంటిచోట "మిమ్మల్ని చిన్నప్పుడు ఇంటినుంచి తీసుకెళ్లారా?" అన్న ప్రశ్న అడిగేముందు, ఆ ప్రశ్న వస్తోందని చెప్పాలి, వద్దంటే దాటేయాలి. కన్నీళ్లొస్తే ట్యాబ్ మూసి కూర్చోవాలి. అప్పటికప్పుడు పిలిస్తే పలికే మనిషి, సంఘం ఒప్పుకున్న మనిషి, ఒకరు సిద్ధంగా ఉండాలి. రోజంతా అలాంటివి విన్న ఇంటర్వ్యూయర్‌కు కూడా సాయంత్రం ఎవరో ఒకరు కావాలి. ఇది మర్చిపోయే సర్వేలే ఎక్కువ.

8. ఫీల్డులో

తేదీలు సంఘం చెప్పాలి. వేట కాలంలో, కోతల్లో, వేడుకల్లో, ఎన్నికల ముందు వెళ్లొద్దు. ఊళ్లో చావు జరిగితే బృందం వెంటనే ఆగిపోవాలి, మళ్లీ ఎప్పుడు రావాలో వాళ్లు చెప్పేదాకా ఆగాలి. నెట్ లేకున్నా పనిచేసే సాఫ్ట్‌వేర్, రెండు రోజులకు సరిపడా పవర్ బ్యాంకులు, వీటితో పాటు కొన్ని కాగితం ఫారాలు పట్టుకెళ్లండి. ఇళ్ల జీపీఎస్ గుర్తులు అవసరం లేకపోతే తీయనే వద్దు. ఎవరూ లేని ఇంటికి వేర్వేరు వేళల్లో కనీసం మూడుసార్లు వెళ్లండి. పదింట ఒక ఇంటికి సూపర్‌వైజర్ మళ్లీ వెళ్లి రెండు మూడు ప్రశ్నలు అడిగి సరిచూడాలి. మాట్లాడనన్నవాళ్లు ఎందుకన్నారో, చెప్పదలచుకుంటే, రాసుకోండి. రిపోర్టులో అదీ ఒక ఫలితమే.

9. లెక్కలు కట్టడం, దాచడం

పేర్లను, జవాబులను మొదటిరోజు నుంచే వేరువేరు ఫైళ్లలో, వేరువేరు తాళాల కింద ఉంచండి. చిన్న సముదాయంలో పేరు తీసేసినంత మాత్రాన గుట్టు దాగదు. "70 ఏళ్లు దాటిన మహిళ, ఒంటరి, ఫలానా ఆవాసం" అంటే ఊళ్లో అందరికీ అదెవరో తెలుసు. అందుకే పట్టికలో ఐదుగురికన్నా తక్కువున్న గడులను పక్క గడులతో కలపండి. ఈ కనిష్ఠ సంఖ్య ఎంతుండాలో సంఘమే నిర్ణయిస్తే ఇంకా మంచిది. ఒక మనిషి గుట్టు కాపాడినా ఊరి గుట్టు పోవచ్చు: ఒక ఆవాసం పేరు పెట్టి తాగుడు అంకె అచ్చువేస్తే ఆ ఊరంతటికీ మచ్చ పడుతుంది.

విశ్లేషణలో ప్రతి పట్టికకూ పక్కన "మిగతా జనాభా" అనే వరుస పెట్టే అలవాటు మానుకోండి. భాష మాట్లాడే ఇంట్లో పెరిగిన యువతను, అలా పెరగని యువతను పోల్చండి. భూమి దగ్గర ఉంటున్నవాళ్లను, దూరమైనవాళ్లను పోల్చండి. ఏది బలాన్నిస్తోందో అప్పుడు తెలుస్తుంది. ప్రతి అంకెతోపాటు తేడా హద్దులు ఇవ్వండి, 60 మంది జవాబులతో వచ్చిన శాతాన్ని దశాంశాల్లో రాయకండి.

రిపోర్టు రాసేముందు పట్టికలను సంఘం ముందు పరచండి. మీరు రాసిన వివరణ చూపించకుండా, అంకెలు మాత్రమే చూపించి "ఇది ఎందుకిలా ఉంది?" అని అడగండి. యువతులు ఒక ఊళ్లో ఎక్కువ సంతృప్తిగా ఉన్నారని అంకె చెబితే మీరు బడినో రోడ్డునో కారణం అనుకుంటారు. వాళ్లు రెండేళ్ల కిందట మొదలైన ఆడవాళ్ల నేత బృందం గురించి చెప్పొచ్చు.

10. అప్పజెప్పడం

ఫలితాలు అందరికన్నా ముందు వినాల్సింది సముదాయమే. పత్రికలకు, శాఖలకు ఇచ్చేముందు ఊరూరా సమావేశం పెట్టి, వాళ్ల భాషలో, నోటిమాటగా చెప్పండి. ఇంటికొక పేజీ, బొమ్మలతో ఇవ్వండి. స్థానిక రేడియో ఉంటే అందులో చెప్పండి. పెద్ద రిపోర్టు ఒక కాపీ సంఘం ఆఫీసులో ఉండాలి. అడిగినవాళ్లకు చదివి చెప్పడానికి ఇంటర్వ్యూయర్లలో ఒకరిద్దరిని కొన్ని నెలలపాటు జీతంతో ఉంచండి.

పూర్తి డేటా కాపీ, ప్రశ్నావళి అన్ని రూపాలు, ఏ గడికి ఏ అర్థమో చెప్పే పుస్తకం, బరువులు కట్టిన పద్ధతి: ఇవన్నీ సంఘానికి అందాలి. డేటా తెరిచి పట్టిక తీయడం సంఘంలోని ఇద్దరికైనా నేర్పందే ఈ మెట్టు పూర్తి కాదు. వాళ్లు తమ చేత్తో మొదటి పట్టిక తీసేదాకా పక్కన కూర్చోండి. బయటివాళ్లు డేటా అడిగితే ఆ అభ్యర్థన మీకు కాదు, సంఘం కమిటీకి వెళ్లేలా ఒప్పందంలో అనుకున్న మెయిల్ చిరునామానే రిపోర్టు మొదటి పేజీలో వేయండి.

మిగిలేది పేర్ల ఫైలు. ఏ జవాబు ఎవరిదో కలిపే ఆ జాబితాను ఒప్పందంలో రాసుకున్న తేదీన, కమిటీ సభ్యులు ఇద్దరు చూస్తుండగా, అన్ని కంప్యూటర్లలో, బ్యాకప్‌లలో చెరిపేయాలి. చెరిపిన తేదీ, చూసినవాళ్ల సంతకాలు ఒప్పందం చివరి పేజీ మీద పడాలి. ఆ పేజీ నకలు ఒకటి మీ దగ్గర, అసలు కాపీ వాళ్ల దగ్గర ఉంటాయి.